మసీదు మిద్దె, కరెంటు బిల్లు, పైన సూర్యుడు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోలారు కరెంటును గూర్చి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరినారు. ముందే మనవి చేసుకుంటున్నాము, మేము ఇంజనీర్లము కాము. మా మసీదు కమిటీలో ఒకరిది కిరాణా అంగడి, ఒకరు రిటైరయిన బడిపంతులు, ఒకరు లారీల మెకానిక్కు. సదర్ సాబ్‌కు చెరకు రసం మిషన్లు రెండున్నాయి. ఇంతే మా పాండిత్యం. అయితే మూడేళ్ళుగా కరెంటు బిల్లుతో కుస్తీ పట్టినవాళ్ళము కాబట్టి, ఎక్కడ కింద పడినామో, ఎక్కడ లేచినామో చెప్పగలము. మీ మసీదుకో, మదర్సాకో, యతీంఖానాకో పనికొస్తే సంతోషం.

ఇదంతా 2023 రంజాన్‌లో మొదలైంది. ఆ ఏడు రంజాన్ మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చింది. మా సీమ ఎండలు మీకు తెలియనివి కావు. తరావీ నమాజుకు జనం కిటకిటలాడినారు, ఫ్యాన్లన్నీ తిరిగినాయి, మోటారు ఆగకుండా ఆడింది. ఈద్ అయిపోయినాక ఖజాంచీ గారు లెక్కల పుస్తకం తెరిచి మా ముందు పెట్టినారు. ఆ నెల కరెంటు బిల్లు ఆరు వేలు దాటింది. మౌజన్ సాబ్‌కు మేము ఇచ్చేది నెలకు అయిదు వేల అయిదు వందలు. ఆ పేజీలోనే కింద ఇంకో వరుస ఉంది: మౌజన్ సాబ్ జీతం రెండు నెలల బాకీ.

అంటే అయిదు పూటలా చీకటనక, వాననక వచ్చి అజాన్ ఇచ్చే ముసలాయన ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఫర్వాలేదు, ఖాళీ సఫ్‌ల మీద ఫ్యాన్లు మాత్రం తిరగాలి. మేము కావాలని చేసినది కాదు. కరెంటు కంపెనీ వాళ్ళు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకుతారు. మౌజన్ సాబ్ ఏమీ పీకడు, సలాం చెప్పి పోతాడు. అందుచేత మొదట బిల్లు కట్టి, మిగిలితే ఆయనకు ఇస్తున్నాము. ఎన్నాళ్ళుగా ఇట్లా జరుగుతున్నదో పుస్తకం తిరగేసి చూసి అందరమూ తలలు దించుకున్నాము.

పెద్దలు ఒక సంగతి గుర్తు చేసినారు. మదీనాలోని మస్జిదె నబవీలో మొదట ఖర్జూరపు మట్టలు కాల్చి వెలుతురు చేసుకునేవాళ్ళట. మసీదులో మొట్టమొదట దీపం పెట్టినది తమీమ్ దారీ అనే సహాబీ అని ఇబ్నె మాజా హదీసు గ్రంథంలో ఉంది. ఆ తర్వాత ముస్లిములు ఎక్కడికి పోయినా మసీదు దీపానికి నూనె ఖర్చును ఎవరి దయకూ వదలలేదు. దానికి ఆస్తి కట్టిపెట్టినారు. మన దక్కనులో చిరాగీ ఇనాములు అనేవి అవే. చిరాగ్ అంటే దీపం. దీపం ఖర్చు కోసం ఇచ్చిన పొలం. ఆ పొలాల్లో ఎన్ని ఇంకా వక్ఫ్ కింద ఉన్నాయి, ఎన్ని ఎవరెవరి ప్లాట్లయినాయి అనేది వేరే సభలో మాట్లాడుకోవలసిన విషయం. మాకు తట్టినదేమంటే, నూనె దీపానికి ఆధారం ఉండేది. కరెంటు దీపానికి మాత్రం జుమా నాడు తిరిగే చందా డబ్బా తప్ప వేరే ఆధారం లేదు. మిద్దె మీద పెట్టే సోలారు పలకలు చిరాగీ ఇనాము లాంటివే గదా, ఒకసారి పెడితే పాతికేళ్ళు వెలుతురు ఇస్తాయి గదా, అని మా రిటైర్డు పంతులు గారు అన్నారు. ఆ మాటతోనే పని మొదలైంది.

కానీ మా మెకానిక్కు సోదరుడు అడ్డం తిరిగినాడు. “కారుతున్న డ్రమ్ముకు పెద్ద పంపు పెట్టడమెందుకు? ముందు కారేది ఎక్కడో చూడండి” అన్నాడు. ఆయన మాట వినడం మా అదృష్టం. మీరు ఇంకేమి మరిచినా ఈ భాగం మరవకండి.

ఒక ఆదివారం ఇషా తర్వాత నలుగురం కూర్చుని మసీదులో కరెంటు తాగే వస్తువులన్నీ లెక్కవేసినాము. పాత ఫ్యాన్లు 36. ఒక్కొక్కటి 75 వాట్లు. అన్నీ తిరిగితే 2700 వాట్లు. ఇప్పుడు వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు 30 వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటాయి. 36 ఫ్యాన్లకు 1080 వాట్లు చాలు. గాలిలో తేడా లేదు. రోజుకు అయిదు గంటలు తిరిగినా ఎనిమిది యూనిట్లు మిగులు, నెలకు 240. తర్వాత పాత చోకు ట్యూబులైట్లు 24. పేరుకు 40 వాట్లే గాని చోకుతో కలిపి 50 దాకా లాగుతాయి. ఎల్.ఇ.డి. ట్యూబు 20 వాట్లు. అక్కడ నెలకు ఇంకో నూరు యూనిట్లు పైన.

ఇంతకంటె సిగ్గుపడవలసినది స్విచ్చీల సంగతి. ఎప్పుడో వైరింగు చేసిన మహానుభావుడు ఆరు ఫ్యాన్లకు ఒక స్విచ్చీ పెట్టినాడు, అదీ నిలువుగా. ఫజర్ నమాజుకు వచ్చేది ఒక సఫ్, ఎక్కువయితే ఒకటిన్నర. ఆ ఒక్క సఫ్‌కు గాలి కావాలంటే హాలంతా ఫ్యాన్లు తిరగవలసిందే. మేము సఫ్ ప్రకారం స్విచ్చీలు మార్పించినాము. మొదటి సఫ్‌కు ఒకటి, రెండవ దానికి ఒకటి, ఆ విధంగా. వైరు, కూలి కలిపి పెద్ద ఖర్చు కాదు. మీ ఊళ్ళో వేరే ఏదీ చేయలేకపోయినా ఇది చేయండి.

ఇక వజూఖానా. రెండు హార్స్ పవర్ మోటారు, అంటే సుమారు ఒకటిన్నర కిలోవాట్, రోజుకు నాలుగైదు గంటలు ఆడుతున్నది. అంత నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? కొళాయి కింద బకెట్టు పెట్టి కొలిచినాము. ఒక్కొక్కరు వజూకు ఆరేడు లీటర్లు వదులుతున్నారు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు ఒక ముద్ నీళ్ళతో వజూ చేసేవారని హదీసులలో ఉంది. ముద్ అంటే మన కొలతలో ముప్పావు లీటరుకు లోపల. మనం ఆయన సున్నత్ అని మిస్వాక్ పట్టుకుంటాము, గడ్డం చూసుకుంటాము, కొళాయి దగ్గర మాత్రం సున్నత్ గుర్తుకు రాదు. ఖురాన్ ఏడవ సూరా 31వ ఆయత్‌ను ఉలమాలు దుబారాను గూర్చి చెప్పేటప్పుడు ఎత్తుతారు. ఆ ఆయత్ మసీదుకు వచ్చే ముచ్చటతోనే మొదలవుతుందని మా ఇమామ్ సాబ్ జుమా బయానులో విడమర్చి చెప్పినారు. ఆ బయాను, ధార తగ్గించే కొత్త కొళాయిలు, రెండూ కలిసి మోటారు పనిని సగానికి తెచ్చినాయి. బయాను ఒక్కటే అయితే రెండు వారాలు పని చేసేది. అనుభవంతో చెబుతున్నాము.

ఈ పనులన్నిటికీ ఫ్యాన్లతో కలిపి లక్షా చిల్లర అయింది, అదీ ఒక్కసారి కాదు, ఏడాది పొడుగునా. నెలకు 850 యూనిట్ల దగ్గర ఉన్న ఖర్చు 450కి దిగింది. ఇంకా ఒక్క సోలారు పలక కూడా మిద్దె ఎక్కలేదని గమనించండి.

అప్పుడు 2024లో మేము పలకల వైపు చూసినాము. లెక్క కష్టం కాదు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సోలారు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. నీడ పడని మిద్దె కిలోవాట్‌కు సుమారు నూరు చదరపు అడుగులు కావాలి. 450 యూనిట్లకు నాలుగు కిలోవాట్లు సరిపోతాయి. మొదట్లోనే తొందరపడి ఉంటే ఏడు కిలోవాట్లు పెట్టవలసి వచ్చేది. కిలోవాట్‌కు యాభై, అరవై వేలు వేసుకోండి, ఫ్యాన్లు మార్చిన ఖర్చు అక్కడే తిరిగి వచ్చినట్లు.

మా వాళ్ళు అడిగిన ప్రశ్న మీకూ వస్తుంది. నమాజులలో మూడు చీకటి పూటవి: ఫజర్, మగ్రిబ్, ఇషా. ఎండ ఉన్నది జుహర్‌కు, అసర్‌కు. పగటి కరెంటు రాత్రి ఎట్లా వస్తుంది? దానికే నెట్ మీటరు. పగలు మన పలకలు చేసిన కరెంటులో మనం వాడగా మిగిలినది లైను మీదికి పోతుంది, మీటరు దాన్ని వేరుగా రాస్తుంది. రాత్రి మనం లైను నుంచి తీసుకున్నది ఇంకో పక్క రాస్తుంది. నెలాఖరుకు రెండూ సరిచూసి బిల్లు వేస్తారు. బ్యాటరీలు అక్కరలేదు. జుమా నాడయితే మిట్టమధ్యాహ్నం జనం నిండుగా ఉంటారు, ఎండ నిండుగా ఉంటుంది, ఆ గంటలో లైను వైపు చూడవలసిన పని తక్కువ.

రెండు సంగతులు అమ్మేవాళ్ళు చెప్పరు, మేము చెబుతాము. ఒకటి: బిల్లు సున్నా కాదు. ఫిక్స్‌డ్ ఛార్జీలు వగైరా ఎటూ ఉంటాయి. రెండు: ఊళ్ళో కరెంటు పోయిందంటే, ఎంత ఎండ ఉన్నా, ఈ రకం సోలారు కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కి పని చేసే లైన్‌మన్‌కు మన మిద్దె నుంచి షాకు కొట్టకూడదని అట్లా తయారు చేసినారు. ఇది తెలియక మొదటి జుమా రోజే మైకు ఆగిపోయి, “ఇంత డబ్బు పెట్టి ఇదేనా?” అని అందరి నోటా పడినాము. మైకుకు, నాలుగు లైట్లకు పాత ఇన్వర్టరు, బ్యాటరీ వేరుగా ఉంచుకోండి.

సబ్సిడీ విషయంలో కూడా మోసపోవద్దు. ఒక కంపెనీ మనిషి వచ్చి, కేంద్ర ప్రభుత్వ పథకం కింద మసీదుకు 78 వేలు వస్తుంది, అడ్వాన్సు ఇవ్వండి అన్నాడు. పంతులు గారు కాగితాలు చదివి చూస్తే, 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పి.ఎం. సూర్యఘర్ పథకం ఇళ్ళకు మాత్రమే. మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకున్న ఇంటికి 78 వేలు. మసీదు, గుడి, చర్చి దానిలోకి రావు. ఇక్కడున్న సోదరులు మీ ఇళ్ళకు మాత్రం తప్పకుండా దరఖాస్తు పెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలారు సామాన్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మసీదుకైనా ఒకటే. మేము అంతకు ముందే కొన్నాము, మా నసీబు.

ఇంకొకాయన వచ్చి, డబ్బంతా మేమే పెడతాము, మిద్దె పాతికేళ్ళకు రాసివ్వండి, యూనిట్‌కు ఇంత చొప్పున మాకు కట్టండి అన్నాడు. కొన్ని కాలేజీలకు, ఆసుపత్రులకు ఆ పద్ధతి కుదరవచ్చు. మసీదు మిద్దె ముతవల్లీ సొంత మిద్దె కాదు. వక్ఫ్ ఆస్తిని లీజుకు ఇవ్వాలంటే నియమాలున్నాయి, వక్ఫ్ బోర్డు ఉంది. సంతకం పెట్టే ముందు వెయ్యిసార్లు ఆలోచించండి.

డబ్బు ఎక్కడిది అంటారా? ఒక వ్యాపారి సోదరుడు జకాత్ సొమ్ము మొత్తం ఇస్తానన్నాడు. ఇమామ్ సాబ్ వద్దన్నారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ బీదవాని చేతిలో పడి అతని సొంతం కావాలి, మసీదు గోడకూ మిద్దెకూ చెల్లదు. కమిటీలో కొందరికి కోపం వచ్చింది, వచ్చే డబ్బు పోగొడుతున్నారని. కానీ ఆ సొమ్ము ఆ ఏడాది ముగ్గురు వితంతువులకు పోయింది. మా పలకలకు సదఖా జారియా పేరు మీద చందా ఎత్తినాము. ఒక్కొక్క పలక ఒక్కొక్క కుటుంబం. ఎనిమిది పలకలు, ఎనిమిది కుటుంబాలు. పలక మీద పేరు రాయించమని ఒకరు అడిగినారు. రాయించండి గాని ఎండ తగిలే వైపు రాయిస్తే కరెంటు రాదు, అడుగున రాయిస్తే కాకులు తప్ప ఎవరూ చదవరు, అని సదర్ సాబ్ అన్నారు. పేరు మాట అంతటితో పోయింది.

ఇప్పుడు మా పెద్ద తప్పు చెప్పాలి. మే నెలలో కాంట్రాక్టరు వచ్చి మిద్దె కొలిచినాడు. మా మసీదుకు దక్షిణపు మూల యాభై అడుగుల మినార్ ఉంది. దానికి ఉత్తరంగా చదునైన మిద్దె చూసి, ఇక్కడ బాగుందన్నాడు. పలకలు దక్షిణం చూడాలి, కొంచెం వాలుగా. ఒక పెద్దాయన “ఖిబ్లా వైపు పెట్టరా?” అని కూడా అడిగినారు. మేలో మిట్టమధ్యాహ్నం మన నెత్తి మీదే సూర్యుడు, మినార్ నీడ దాని కాళ్ళ కిందే ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు. పలకలు బిగించినారు, స్వీట్లు పంచినాము. మీటరు బాగానే తిరిగింది. నవంబరు వచ్చేసరికి యూనిట్లు తగ్గడం మొదలైంది. డిసెంబరుకు సగానికి పడిపోయింది. దుమ్మని కడిగినాము. యంత్రం చెడిందని ఫోన్లు చేసినాము. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానుకున్నాడు.

చివరకు చెప్పినది మౌజన్ సాబ్. వయసు డెబ్బై దాటింది, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి వచ్చి, మూడు పలకల మీద అడ్డంగా పడిన నీడను చూపించినాడు. “చలికాలంలో మినార్ నీడ ఇక్కడికే వస్తుంది సాబ్. నేను చిన్నప్పుడు ఈ నీడ చూసే అసర్ అజాన్ ఇచ్చేవాళ్ళం” అన్నాడు. గడియారాలు లేని రోజుల్లో నీడ కొలిచి నమాజు వేళ చెప్పడం మౌజన్ల విద్య. హనఫీలకు వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడ పోగా, దానికి రెండింతలయితే అసర్. డమాస్కసు ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు గుణించిన ఇబ్నుష్షాతిర్ 1371 ప్రాంతంలో అక్కడి మినార్‌కు నీడ గడియారం చేసిపెట్టినాడు. ఆయన గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు. మా మౌజన్ సాబ్ అయిదవ తరగతి చదివినాడు. కానీ మిద్దె మీద నీడ సంగతి అడగవలసిన మనిషి మా మధ్యనే ఉన్నాడని మాకు తోచలేదు. మా ప్రాంతంలో డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. యాభై అడుగుల మినార్ నీడ అప్పుడే నలభై అడుగులు ఉత్తరానికి పోతుంది, ఉదయం, సాయంత్రం అంతకు మించి. పలకలను గొలుసులాగా ఒకదానికొకటి కలుపుతారు. గొలుసులో మూడింటి మీద నీడ పడితే మిగతా అయిదూ నష్టపోతాయి.

2025 జనవరిలో మొత్తం విప్పి తూర్పు వైపు షాదీఖానా మిద్దె మీదికి మార్చినాము. ఇనుము, కూలి, వైరు కలిపి ముప్పై వేలకు పైగా దండగ. ఈసారి కొలత వేయించినది మౌజన్ సాబ్ చేత. మీరు పెట్టుకోదలిస్తే డిసెంబరు నీడ చూసి పెట్టుకోండి. నీళ్ళ ట్యాంకు, పక్కింటి కొత్త అంతస్తు, వేపచెట్టు, గుంబద్, అన్నీ చూసుకోండి. పాత సున్నపు గచ్చు మిద్దెలయితే గాలికి, బరువుకు తట్టుకుంటాయో లేదో తెలిసిన మేస్త్రీని పిలిచి అడగండి. రంధ్రాలు వేసి వానాకాలంలో మిహ్రాబ్ మీద నీళ్ళు కారించుకోవద్దు.

ఇతర చోట్ల సంగతులు క్లుప్తంగా. మొరాకో దేశంలో మర్రాకేష్ నగరపు కుతుబియా మసీదు 12వ శతాబ్దం నాటిది. 2016లో అక్కడ వాతావరణ మహాసభ జరిగేనాటికి దాని మిద్దె మీద పలకలున్నాయి. జకార్తాలోని ఇస్తిఖ్లాల్ మసీదు మిద్దె మీద అయిదు వందలకు పైగా పలకలున్నాయి. 2022లో ఆ మసీదుకు ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐ.ఎఫ్.సి. వారి హరిత భవన ధ్రువపత్రం వచ్చింది, ప్రార్థనాలయాలలో దానికే మొదట. వాళ్ళు వజూ నీళ్ళను శుద్ధి చేసి మళ్ళీ వాడుతున్నారు. మాకు పలకల కంటె అదే ఎక్కువ నచ్చింది. వాటికన్ వారు 2008లోనే తమ సభామందిరం మీద రెండు వేలకు పైగా పలకలు పరిచినారు. షిరిడీలో 2009లో 73 సోలారు అద్దాలతో ఆవిరి పుట్టించి వంట మొదలుపెట్టినారు. దాన్ని ప్రారంభించినది అప్పటి కేంద్రమంత్రి ఫరూఖ్ అబ్దుల్లా. యతీంఖానాలు, హాస్టళ్ళు నడిపే సంఘాల వారు ఆ వంటశాలను ఒకసారి పోయి చూడవలసినది. ఇక మన కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ పక్కన 2017 నాటికే 1000 మెగావాట్ల సోలారు పార్కు నిలిచింది. దాని పక్క రోడ్డున పెళ్ళిళ్ళకు పోయి వస్తూ కూడా మన మిద్దె మాట మనకు తట్టలేదు.

పలకలు పెట్టి మరిచిపోతే కుదరదు. మా సీమ దుమ్ముకు పదిహేను రోజులకొకసారి కడగాలి. ఫజర్ తర్వాత, పలక చల్లగా ఉన్నప్పుడు, మామూలు నీళ్ళతో, మెత్తని గుడ్డతో. ఎండలో కాలిన అద్దం మీద చల్లనీళ్ళు పోయకూడదు. ఈ పనికి ఇద్దరు కుర్రవాళ్ళున్నారు. మీటరు అంకెలు ప్రతి జుమా నాడు మౌజన్ సాబ్ ఒక నోటుబుక్కులో రాస్తాడు. ఆ బుక్కు నోటీసు బోర్డు కింద దారంతో వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. డిసెంబరు 2024 అంకెలు కూడా దానిలో ఉన్నాయి. కొట్టివేయలేదు.

మౌజన్ సాబ్ బాకీ తీరింది. 2025 ఏప్రిల్ నుంచి జీతం తొమ్మిది వేలు చేసినాము. ఒకటో తేదీన మొదట ఆయన కవరు కడతాము, తర్వాతే మిగతా ఖర్చులు.

ఇంకొక సంగతి దాచితే న్యాయం కాదు. బిల్లు తగ్గిందని తెలిసినాక, “ఇక ఏ.సి.లు పెట్టండి, సోలారు ఉంది గదా” అనే మాట మొదలైంది. కొందరు దాతలు రెడీగా ఉన్నారు. ఒకటిన్నర టన్నుల ఏ.సి. గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ తింటుంది. మా హాలుకు ఆరు కావాలి. రోజుకు మూడు గంటలు వేసినా 27 యూనిట్లు. మా ఎనిమిది పలకలు రోజంతా ఎండలో నిలబడి చేసేది పదహారు, పదిహేడు. ముసలివాళ్ళు ఎండకు తట్టుకోలేకపోతున్నారనేది నిజం, మేము కాదనము. తెల్ల సున్నం మిద్దెకు కొట్టించి చూద్దామని ఒకరు, పైన ఇంకా పలకలు వేద్దామని ఒకరు, ఏ.సి.లే కావాలని ఒకరు. వచ్చే నెల జనరల్ బాడీలో తేలాలి. ఆ లెక్కల కాగితం, మా నోటుబుక్కు నకలు బయట బల్ల మీద పెట్టినాము. మీ మసీదు బిల్లు తెచ్చి పక్కన పెట్టి చూసుకోండి. ఏ ఊరి వారు పిలిచినా మా మెకానిక్కు సోదరుడు వస్తానన్నాడు, బస్సు ఛార్జీ ఇస్తే చాలు. మౌజన్ సాబ్‌ను కూడా తీసుకుపోతామంటే మాత్రం అసర్ అజాన్‌కు ముందే తిరిగి దింపాలి.